కోడళ్ల పెట్టె

"ఇది నాకొద్దు. తీసుకెళ్లండి," అంది దర్జీ, బల్లమీద పెట్టిన చెక్కపెట్టెను వెనక్కి నెడుతూ.

పెట్టె తెచ్చిన పెద్దావిడ కదల్లేదు. ఏడాది కిందటి దాకా ఆవిడ ఈ దర్జీకి అత్తగారు. కోర్టు కాగితాల మీద సంతకాలయ్యాక ఒకరికొకరు ఏమవుతారో ఇద్దరికీ తెలీదు. "అత్తయ్యా" అన్న పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

"మూత తియ్యి," అంది పెద్దావిడ.

తియ్యక్కర్లేదు. లోపల ఏమున్నాయో దర్జీకి కంఠతా వచ్చు. పిడికి గుడ్డ చుట్టిన నల్లటి ఇనప కత్తెర. నాలుగు తరాల కోడళ్లు తొడిగి తొడిగి సొట్టలు పడ్డ ఇత్తడి వేలితొడుగు. ఎముకతో చేసిన సూదుల గొట్టం. కాపరానికి వెళ్లిన కొత్తలో ఆ కత్తెర మీద చెయ్యి వేస్తే, "నా చెయ్యి ఆడినన్నాళ్లూ దాని జోలికి రాకు" అని కసిరింది ఈవిడే.

"ఇవి ఆ ఇంటి కోడలికి దక్కాల్సినవి. కొత్త కోడలొచ్చిందిగా, ఆ అమ్మాయికివ్వండి."

"ఇచ్చాను. రంగుడబ్బా మూత ఊడదీయడానికి వాడింది."

దర్జీ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. గబుక్కున పెట్టె తెరిచి కత్తెర వెలుతురులోకి పట్టింది. మొన గోరంత విరిగింది.

"మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకుంటే ఇక్కడిదాకా ఎందుకొస్తాను? అడిగాను. మాటకు మాట పెరిగింది. మావాడొచ్చి, ఈ తుప్పు ముక్కల కోసం ఇంత రాద్ధాంతమా, పాతసామాన్లవాడికి పడేస్తానన్నాడు."

ఆ గొంతు దర్జీకి బాగా తెలుసు. విరిగిన మొనను బొటనవేలితో తడిమి చూసింది. సానపట్టిస్తే ఇంకో రెండు తరాలు పనిచేస్తుంది. వేలితొడుగు తీసి, బల్లమీది గుడ్డముక్కతో తుడిచి, మళ్లీ దాని గుంటలో పెట్టింది.

"సరే, ఉంచండి," అంది చివరికి. "నా దగ్గర భద్రంగా ఉంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి పట్టుకెళ్లండి."

పెట్టె తనవైపు లాక్కోబోయింది. రాలేదు. పెద్దావిడ చెయ్యి ఇంకా దానిమీదే ఉంది.

"ఇచ్చేసి పోదామని రాలేదు."

"మరి?"

పెద్దావిడ చూపు కిందికి దించింది. కుట్లు విప్పి పడేసిన దారాలకేసి చాలాసేపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. గొంతు సవరించుకుంది. నిటారుగా నిలబడింది.

"కాజాలు కుట్టడానికి మనిషి కావాలని బయట రాసిపెట్టారు కదా. పనిముట్లు నావే తెచ్చుకున్నాను. పనిలో పెట్టుకుంటారా?"