కత్తెర సారు లెక్క

"ఒక్క జన్యు పరీక్ష ఖర్చు మూడు నెలల ఇన్సులిన్ సూదుల ఖర్చుతో సమానం సార్. సూదులేమో జీవితాంతం" అన్నాడు కత్తెర సారు, కాగితాన్ని మేనేజరు ముందుకు జరుపుతూ.

ఫ్యాక్టరీ ఉద్యోగుల కుటుంబాల వైద్య ఖర్చులు చూసే పని ఆయనది. ఏ బిల్లూ కత్తిరించందే వదలడు, అందుకే ఆ పేరు. అలాంటివాడు ఖర్చు పెట్టమని బతిమాలుతుంటే మేనేజరు నోరెళ్లబెట్టాడు.

"వంశంలో వచ్చే రకం షుగరని తేలితే మాత్రతో సరిపోతుంది. షుగరున్న వందమంది పిల్లల్లో నలుగురు అలా తేలినా, పదేళ్లు తిరిగేసరికి మనకు మిగులే."

"మూడేళ్ల కిందట ఇదే ఫైలు మీద 'దండగ ఖర్చు' అని రాసింది నువ్వే కదయ్యా?"

"బుద్ధి గడ్డి తిని రాశాను సార్."

రెండేళ్లుగా ఈయన కూతురు రోజుకు నాలుగు సూదులు గుచ్చుకుంటోందని ఆఫీసంతటికీ తెలుసు. మేనేజరు సంతకం పెట్టేశాడు.

ఆ సూదులు మొదలైన రోజును కత్తెర సారు మర్చిపోలేదు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని డాక్టరమ్మ అడిగింది.

"మా రెండు వైపులా లేదండీ. పెళ్లికి ముందే మా నాన్న గుచ్చి గుచ్చి అడిగాడు" అంది ఆయన భార్య.

ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. అయితే మామూలుగా పిల్లలకొచ్చే రకమేనంది డాక్టరమ్మ.

అప్పటినుంచీ ఆయనకు అన్నం సయించదు. పాప సూది తీస్తే పక్క గదిలోకి తప్పుకుంటాడు.

"నాకు లేని భయం నీకెందుకు నాన్నా?" అని నవ్వుతుంది పాప. రోజూ టిఫినుకు ముందు మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, "ముందు నీ గ్యాస్ మాత్ర వేసుకో. అన్నీ నేనే గుర్తు చెయ్యాలి నీకు" అని గదమాయిస్తుంది. సూదులతో బతికే పిల్ల తనకు సేవ చేస్తుంటే ఆయనకు చచ్చేంత సిగ్గేస్తుంది.

పరీక్ష జరిగింది. నెల తర్వాత ముగ్గుర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ చల్లని కబురు చెప్పింది. పాపది వంశంలో వచ్చే రకమే. రోజుకో చిన్న మాత్రతో మొదలుపెట్టి, మెల్లగా సూదులు మాన్పించెయ్యొచ్చు.

భార్య వెక్కి వెక్కి ఏడ్చింది. కత్తెర సారు మళ్లీ క్యాలెండరు వైపు చూశాడు.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రల షీటును పాప అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, ఇవి నువ్వు రోజూ వేసుకునే గ్యాస్ మాత్రలే కదా!"