చరిత్రలో పేరు

ప్రూఫు కాగితాలను ఒజెల్లా రెండుసార్లు తిరగేసింది. ఎక్కడా తన పేరు లేదు.

"నా పేరేదే కొరిన్?" అంది.

కొరిన్ కేకు కోస్తున్న చేయి ఆపలేదు. సోరోరిటీ శాఖకు ఆమె కార్యదర్శి. కాలేజీ చదివిన నల్లజాతి ఆడవాళ్లు అక్కచెల్లెళ్లమనుకుని నడుపుకునే సంఘం అది. అలబామాలోని ఆ చిన్న ఊళ్లో తొమ్మిది మంది టీచర్లు శాఖ పెట్టి ముప్పై ఏళ్లయిందని చరిత్ర అచ్చు వేయిస్తున్నారు. బడిపిల్లలకు పాలు పోయించడం, పల్లెలకు పుస్తకాల బండి పంపడం, ఆడపిల్లలను కాలేజీలో చేర్పించడం, అన్నీ రాశారు. ఆఖరి పేజీలో చర్చి నేలమాళిగలో జరిగే బుధవారం క్లాసు గురించి ఉంది. బట్టలుతికేవాళ్లకూ పత్తి ఏరేవాళ్లకూ చదువు చెప్పి, ఓటరుగా చేరే కాగితం సొంతంగా నింపేలా తయారుచేసే క్లాసు. నాలుగేళ్ల కిందట దాన్ని పెట్టిందీ, ఇన్నాళ్లూ నడిపిందీ ఒజెల్లా. కాగితంలో మాత్రం "ప్రారంభించి నడుపుతున్నవారు శ్రీమతి కొరిన్ మేబ్రీ" అని ఉంది.

"అలాగే ఉండనీ. నీ మంచికే," అంది కొరిన్.

ఒజెల్లాకు ఒళ్లు మండింది. ఇద్దరూ ఒకే ఏడు సోరోరిటీలో చేరారు, ఒకే బళ్లో పాఠాలు చెబుతున్నారు. అయినా కొరిన్ భర్తకు శవసంస్కారాల దుకాణం ఉంది, ఇంటి ముందు కారుంది. తన భర్త రంపపు మిల్లులో చేయి పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. నల్లవాళ్ల వారపత్రికలో శాఖ ఫొటో ఎప్పుడు పడినా నడిమధ్యన కొరినే, ఓ కొత్త టోపీతో. తనదంటూ ఉన్నది ఆ ఒక్క క్లాసు. దానిమీద కూడా పడిందా ఈ మనిషి కన్ను?

పైకి మాత్రం, కాగితాలు ప్రెస్సులో తనే ఇచ్చి వస్తానంది. అక్కడి పెన్సిలే అడిగి తీసుకుని, కొరిన్ పేరు కొట్టేసి "శ్రీమతి ఒజెల్లా ప్రూయిట్" అని గుండ్రంగా రాసింది. మళ్లీ ఒకసారి దిద్ది మరీ ఇచ్చింది.

ఆదివారం వ్యవస్థాపక దినోత్సవం. తెల్ల దుస్తుల్లో అందరూ చర్చి హాల్లో కూర్చున్నారు. ఆఖరి పేజీ చదివినప్పుడు చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఒజెల్లా మాత్రం కొరిన్ మొహమే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. సభ అయ్యాక దగ్గరికొచ్చి, పుస్తకాలు ఎన్ని బయటికి వెళ్లాయని ఒక్క మాట అడిగింది. అన్నీ వెళ్లిపోయాయని చెప్పింది ఒజెల్లా. ఇప్పుడు తెలిసిందా కుళ్లుకోవడం ఎలా ఉంటుందో అనుకుంది. ఆ పూట కడుపునిండా తింది.

సోమవారం మధ్యాహ్నం బడుల సూపరింటెండెంట్ నుంచి పిలుపొచ్చింది. ఆ తెల్లాయన బల్ల మీద పుస్తకం ఆఖరి పేజీ దగ్గర తెరిచి ఉంది. ఆయన కూర్చోమనలేదు.

"రెండు నెలలుగా ఈ క్లాసు ఎవరిదా అని బడుల బోర్డు ఆరా తీస్తోంది, ఒజెల్లా. నల్లవాళ్లకు ఓట్లిప్పించే గొడవల్లో తలదూర్చే టీచర్లు మాకక్కర్లేదు. పొద్దున్నే కొరిన్ వచ్చింది. క్లాసు తనదేనంది. ఉద్యోగంలోంచి తీసేశాను. నీకు తనంటే కుళ్లట. ఆ కుళ్లుతోనే ప్రెస్సుకి పోయి తన పేరు తీయించి నీ పేరు వేయించుకున్నావట. నిజమేనా?"

ఒజెల్లాకు అప్పుడర్థమైంది. ఆరా తీస్తున్న సంగతి కొరిన్‌కు ముందే తెలుసు. ఎవరో ఒకరి పేరు దొరికేదాకా ఆ ఆరా ఆగదు కాబట్టి, జీతం పోయినా ఇల్లు గడిచే తన పేరే వేసుకుంది. ఇప్పుడు కూడా ఈ గదిలోకి తనకంటే ముందు వచ్చి, బయటపడే దారి వేసిపెట్టి వెళ్లింది. తల ఊపితే చాలు. కుళ్లు అన్న మాట అబద్ధమేమీ కాదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, చేయి లేని భర్త.

"ఆమె చెప్పింది తప్పు సార్," అంది ఒజెల్లా. "కుళ్లు నాక్కాదు, ఆమెకి. క్లాసు పెట్టింది నేనే."

ఆయన సొరుగులోంచి మరో తొలగింపు కాగితం తీసి ముందుకు తోశాడు. సంతకం చేసి, ఒజెల్లా మెట్లు దిగింది. రోడ్డు పక్కన కొరిన్ కారు ఆగి ఉంది. ఒజెల్లా తలుపు తీసి పక్కన కూర్చుని, లోపల తనన్న మాటలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది.

కొరిన్ స్టీరింగ్ మీద తల ఆనించింది.

"పిచ్చిదానా, ఎందుకు చెప్పావే? నా ఒక్కదాని ఉద్యోగంతో పోయేదిగా."

ఒజెల్లా కళ్లు తుడుచుకుని, ఒళ్లో చేతిసంచి సర్దుకుంది.

"తీసేసినవాళ్ల జాబితాలో నీ ఒక్కదాని పేరే ఉంటే, నేను చూస్తూ ఊరుకుంటాననుకున్నావా?"