సొరబుర్ర గొడుగు

బూర్గంపాడు అవతల అడవి అంచున ఇల్లు కట్టుకున్న లాలు మిల్లులో ఎలక్ట్రీషియన్. రాత్రి డ్యూటీ పడితే భార్య చాంది ఒంటరిగా ఉండాలి. అందుకే బెజవాడలో పాత కెమెరా ఒకటి కొని గేటు పైన బిగించాడు. వైరు ఇంట్లోని టీవీకి కలిపాడు. అతుకులన్నీ లక్కతో మూసి, కెమెరా నెత్తిన ఎండు సొరబుర్ర చిప్పను గొడుగులా బోర్లించాడు.

"గోదారి పొంగినా లోపలికి చుక్క దిగదు, చూడు!"

పుట్టగొడుగులు అమ్మవచ్చిన గంగక్క తలెత్తి చూసింది.

"ఆ బుర్ర ఏడిది తమ్మీ?"

"వాగొడ్డున చెట్టుకు వేలాడుతుంటే తెచ్చిన."

"అయ్యో, అది మా నాయినది! పోయినోళ్లకు దూపైతే తాగుతరని కట్టినం. జల్దీ మళ్ల కట్టిరా."

"మీ నాయినొస్తే టీవీల కనబడతడు తియ్యే గంగక్కా," అని నవ్వుతూ లాలు డ్యూటీకి వెళ్లిపోయాడు.

చీకటి పడగానే వాన పట్టుకుంది. చాంది తలుపు గడియ వేసి, ధీమాగా టీవీ ముందు కూర్చుంది. లాలు మాట నిజమే. బొమ్మ అద్దంలా ఉంది.

గేటు దగ్గర ఒక ముసలాయన దోసిలి పట్టి కెమెరా వంకే చూస్తున్నాడు. అంత వానలోనూ ఆయన దోసిలి నిండడం లేదు.

"ఎవరు తాతా? ఏం గావాలె?" చాంది లోపలి నుంచే కేకేసింది.

ఆయన చేయి పైకి లేచింది. మరుక్షణం బొమ్మంతా వానచుక్కలు. బుర్ర తీసేశాడు.

చుక్కలు జారి బొమ్మ తేటపడేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది.

వెనక వంటింట్లో, నీళ్లకుండలో బుర్ర ముంచిన చప్పుడు బుడబుడమని వినిపించింది.