నడుముకు కట్టిన లెక్క

ఆ సోమవారం పొద్దున ఐస్ రింక్ దుస్తుల గదిలోకి వచ్చేసరికి అక్క దగ్గరున్నవి మూడు. పదేళ్ళ సాధన, ముప్పై ఆరు సెంటీమీటర్ల జంప్, నలభై మూడు ఎగిరే చెల్లెలు. మూడోది లేకపోతే మొదటి రెండూ చాలేవి.

"అక్కా, బెల్టుల గురించి నీకొక మాట చెప్పాలి," అంది చెల్లెలు బూటు లేసు బిగిస్తూ.

"నాకేం చెప్పక్కర్లేదు."

"నువ్వు నాతో మాట్లాడి పది రోజులైంది. రాత్రి తలుపు కొట్టినా తియ్యలేదు. ఒక్క నిమిషం విను."

"నలభై మూడు ఎగిరేవాళ్ళకి ముప్పై ఆరు వాళ్ళతో ఏం పని? వెళ్ళి బోర్డు ముందు నిలబడి నీ పేరు చూసుకో. కడుపు నిండుతుంది."

చెల్లెలు లేసు ముడి వేసింది. "సరే, జంప్‌లు అయ్యాకే చెబుతాలే. అప్పుడు నువ్వే పరిగెత్తుకొచ్చి మాట్లాడతావు," అని నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళింది.

బెంచీ మీద రెండు బెల్టులున్నాయి. నీలం బెల్టు అక్కది, ఎర్ర బెల్టు చెల్లెలిది. మూడు వారాల కిందట, మొదటి రోజు, సెన్సర్ల మేడం సంచీలోంచి రెండూ తీసి పెట్టగానే, ఆమె ఇంకా నోరు తెరవకముందే అక్క నీలం లాగేసుకుంది. ఇంట్లో దువ్వెన నుంచి దుప్పటి దాకా నీలమైతే ఆమెదే. ఒక్కో బెల్టు జేబులో అగ్గిపెట్టెంత సెన్సర్. నడుముకు కట్టుకుని ఎగిరితే చాలు, ఎంత ఎత్తు లేచారో, గాల్లో ఎన్ని చుట్లు తిరిగారో మేడం టాబ్లెట్‌కు చెప్పేస్తుంది. ఏ పెట్టె ఎవరి పేరున రాసి ఉంటే వాళ్ళ పేరుతో అంకె గోడ మీది బోర్డుకెక్కుతుంది. కోచ్ ఆ పెట్టెని గూఢచారి అంటాడు.

"ఇన్నాళ్ళవీ అలవాటు కోసం," అని కోచ్ ముందే చెప్పాడు. "సోమవారం ఎగిరే ఇరవై జంప్‌ల సగటే లెక్క. ఎవరిది ఎక్కువైతే వాళ్ళకి జాతీయ శిక్షణలో చోటు. ఉన్నది ఒక్కటే చోటు. నా కళ్ళు మొహమాటపడతాయి, ఈ పెట్టెకి మొహమాటం లేదు."

అక్క తలుపు వైపు చూసింది. రెండు జేబుల జిప్పులూ లాగి, పెట్టెలు అటుదిటు, ఇటుదటు మార్చింది. జిప్పులు మూసింది. బూటు లేసు కట్టుకునేంత సేపు కూడా పట్టలేదు. చెల్లెలికి పదిహేనేళ్ళే, వచ్చే ఏడు వెళ్ళొచ్చు. తనకి వయసు దాటిపోతుంది, వచ్చే ఏడు లేదు. అలా చూస్తే ఇది దొంగతనం కాదు, సర్దుబాటు.

ఐస్ మీదకు దిగాక ఇంకో లెక్క వేసుకుంది. కావాలని తక్కువ ఎగిరితే కోచ్ పట్టేస్తాడు. రోజూలా ఎగిరినా ప్రాణంపెట్టి ఎగిరినా చెల్లెలిని ఎలాగూ దాటదు. కాబట్టి భయం లేదు. మూడు వారాల్లో మొదటిసారి అంకె గురించి ఆలోచించకుండా ఎగిరింది. ఒళ్ళు దూదిలా లేచింది. ఇరవైలో ఒక్కటీ తడబడలేదు.

"ఇవాళ ఏం తిని వచ్చావు?" అన్నాడు కోచ్ నవ్వుతూ.

మేడం టాబ్లెట్ పట్టుకుని గట్టు దగ్గరకు వచ్చింది. "పెద్దమ్మాయి సగటు ముప్పై ఆరు. చిన్నమ్మాయి నలభై ఆరు."

అక్క వంగి టాబ్లెట్‌లో అంకెలు మళ్ళీ చదివింది. చెల్లెలి మొహం వాడింది.

"అదెలా మేడం? పేర్లు సరిచేశారు కదా?" అంది చెల్లెలు.

"నిన్ననే సరిచేశాను."

"ఏం పేర్లు?" అంది అక్క.

"మీ చెల్లి చెప్పలేదా? శనివారం నువ్వు జ్వరమని రాలేదు. అయినా నీ పేరు మీద ముప్పై జంప్‌లు పడ్డాయి. తన పేరు మీద సున్నా. తనే వచ్చి నాకు చూపించింది. చూస్తే నేను ఎర్ర బెల్టు నీకని రాసుకున్నాను, నువ్వేమో నీలం కట్టుకుంటున్నావు. తప్పు నాదే. ఇన్నాళ్ళూ బోర్డు మీద మీ చెల్లి పేరుతో పడ్డ నలభై మూడు నీదమ్మా. నీ పేరుతో పడ్డ ముప్పై ఆరు తనది."

"పొద్దున అదే చెప్పబోయానక్కా," అంది చెల్లెలు. "చోటు నీదేనని అమ్మకి కూడా చెప్పేశాను."

"పేర్లు సరిచేశాక కూడా చిన్నదే పైకొచ్చిందంటే ఇవాళ నిజంగానే ఎగిరిందన్నమాట," అన్నాడు కోచ్. "పెద్దమ్మాయ్, నా కళ్ళు మళ్ళీ మొహమాటపడ్డట్టున్నాయి. నీకింకా జ్వరం తగ్గినట్టు లేదు. వెళ్ళి కూర్చో."

అక్క బెంచీ మీద కూర్చుంది. నోరు విప్పితే రింక్‌లోంచే పేరు కొట్టేస్తారు. విప్పకపోతే చోటు పోతుంది. ఎటు నుంచి కూడినా ఒకటే వస్తోంది. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుని, ఆమె నడుముకున్న నీలం బెల్టు తనే విప్పి పెట్టింది.

ఆ రోజు అక్క ఎగిరింది నలభై ఆరు. దక్కింది చెల్లెలి ముప్పై ఆరు. తన పేరున్న పెట్టెను ఎర్ర బెల్టు జేబులో పెట్టి జిప్పు లాగింది తన చేతులే.