పదికి ఆరు

"ఐదు రోజులు టైమిస్తున్నాను. పది తప్పులు దాచి ఉంచుతాం. ఎనిమిది పట్టుకుంటే మీ విభాగం ఉంటుంది. లేదంటే తాళం వేసేస్తాం" అన్నాడు మేనేజర్, ఎదురుగా కూర్చున్న ఆవిడతో.

విమానం దిగేటప్పుడు చక్రాలు దించి, బ్రేకులు వేసే ప్రోగ్రాం తయారుచేసే ఆఫీసు అది. అందులో తప్పులు వెతకడమే ఆవిడ ఉద్యోగం. పదహారేళ్లుగా అదే పని. ఆఫీసంతా ఆవిడను భూతద్దం అంటుంది, ఎదురుపడితే మాత్రం మేడమ్ అంటుంది. ఇప్పుడు ఆ పనికి ఓ యంత్రం చాలని మేనేజర్ నమ్మకం. విభాగం మూతపడితే ఆవిడ వెళ్లాల్సింది స్టోర్సుకు, కాగితాలూ పెన్నులూ పంచడానికి.

ప్రోగ్రాంకి ఒక నకలు తీసి, అందులో తప్పులు దాచే పని దాన్ని రాసినాయనకే అప్పగించారు. ఆయన ఆవిడకు స్వయానా మరిది. తన పని మీద ఆయనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. "నేను రాసినదాంట్లో తప్పు దొరికితే మీసం తీసేస్తా" అని క్యాంటీన్లో వంద సార్లు అనుంటాడు. అసలు ప్రోగ్రాంని ఈసారి యంత్రంతోనే పరీక్షించి, అందరి సంతకాలూ పెట్టేశారు. వచ్చే సోమవారం దాన్ని విమానంలో ఎక్కిస్తున్నారు. ఆ మొదటి ప్రయాణంలో కూర్చోవడానికి మేనేజర్ కొత్త సూటు కూడా కుట్టించుకున్నాడు.

"ఈ ఐదు రోజులూ మీరిద్దరూ ఈ మాటే ఎత్తకూడదు. ఇంట్లో కూడా" అని వేలు చూపించి మరీ చెప్పాడు.

వాళ్లది ఒకే ఇల్లు, ఒకే భోజనాల బల్ల. మొదటిరోజు సాయంత్రమే మరిది కంచం పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

"వాడికేమైంది? నువ్వేమైనా అన్నావా?" అన్నాడు ఆవిడ భర్త.

"నేనేం అనలేదు. ఆఫీసు రహస్యం. మీరు తినండి."

"ఇద్దరూ కలిసి ఇంటిని ఆఫీసు చేశారు" అని ఆయన గొణుక్కుంటూ తిన్నాడు.

ఆవిడ మాత్రం ఆఫీసులో ఆ నకలును నడిపే నకిలీ కాక్‌పిట్‌లో కూర్చుని, బుద్ధున్న పైలట్ ఎవడూ చేయని పనులన్నీ చేసింది. చక్రాల మీటను క్షణంలో పైకీ కిందకీ ఆడించింది. దిగని చక్రాలకు దిగినట్టు పచ్చలైటు వెలిగింది. రన్‌వే తడిగా ఉన్నట్టు లెక్కలిచ్చింది. చక్రాలు జారి సరిగ్గా తిరక్కపోయేసరికి, విమానం ఇంకా గాల్లోనే ఉందనుకుని బ్రేకులు పని మానేశాయి. రెండు సెన్సర్ల తీగలూ ఒకేసారి పీకేసింది. ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు పాత లెక్కనే కొత్తదిలా చూపిస్తూ కూర్చుంది. దొరికిన ప్రతిసారీ ఆవిడకు చిన్నపిల్లలా సంబరం. రాసుకోవడం, మళ్లీ వెతకడం.

శుక్రవారం మీటింగు వేళకు లెక్క ఆరు దగ్గర ఆగిపోయింది. ఏడోదాని కోసం ఆ రోజు భోజనం కూడా మానేసింది. అయినా దొరకలేదు.

మీటింగులో ఆవిడ ఒక్కొక్కటే చదువుతుంటే మరిది ఒక్కొక్క గుక్క నీళ్లు తాగాడు. ఆరోది చదివేసరికి సీసా ఖాళీ. వదిన ఉద్యోగానికి ఎసరొచ్చిందని పాపం బాధపడుతున్నాడు అనుకున్నారు పక్కవాళ్లు.

"పదికి ఆరు" అన్నాడు మేనేజర్, దాదాపు ఆనందంగా. "అంటే నాలుగు తప్పులతో విమానం ఎగిరిపోయేదన్నమాట. ఇలాంటి విభాగం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం మారుతున్నందుకు కాదు, నాలుగు వదిలేసినందుకు సిగ్గేసింది.

"స్టోర్సుకే వెళ్తాను సార్. కానీ ఆ నాలుగూ ఎక్కడున్నాయో ఒక్కసారి చూపించమనండి. నా కన్ను ఎక్కడ తప్పిందో తెలియకపోతే నాకు మనశ్శాంతి ఉండదు."

"న్యాయమే. చెప్పవయ్యా, మిగతా నాలుగూ ఎక్కడ దాచావు?"

మరిది లేచి నిలబడ్డాడు. వదిన వంక చూడలేక, బల్ల వంక చూస్తూ చెప్పాడు.

"ఎంత ప్రయత్నించినా నా ప్రోగ్రాంలో కావాలని తప్పు రాయడానికి చెయ్యి రాలేదు సార్, నేను ఒక్కటి కూడా పెట్టలేదు."