ఒక్కరైతే హక్కు, ఇద్దరైతే సభ

పదకొండో రోజు కూడా ఆ పెద్దావిడ పొద్దున్నే వచ్చి, పోలీసు ఠాణా ఎదుట అట్ట పట్టుకుని నిలబడింది.

"ఆదివారం మా ఆయనకు డెబ్బై నిండుతాయి. మా అబ్బాయికి ఒక్కరోజు సెలవివ్వండి," అని దాని మీద రాసి ఉంది. పెద్దకొడుకు వంగి దండం పెట్టి, మొదటి మద్యం గ్లాసు చేతికందించకపోతే అది డెబ్బయ్యో పుట్టినరోజే కాదు.

ఠాణా అధికారి ప్యో జోంగ్‌మాన్ మేడమీది కిటికీలోంచి చూస్తూ, కాగితం కప్పులో కాఫీపొడి పొట్లం చింపి పోసుకున్నాడు. ఆయనకు రాజ్యాంగమంటే ప్రాణం. ప్రభుత్వాన్ని మూడు ముక్కలు చేసిన అధ్యాయాలంటే మరీనూ. ఏ పనైనా పక్క ముక్కలో పడేయడానికి అంత వీలైన పుస్తకం ఇంకోటి లేదు.

ఆవిడ ముందు జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. "చట్టం అలా ఉందండీ, చట్టసభవాళ్ళని అడగండి," అన్నారు. చట్టసభ సభ్యుడు, "చట్టం ఎప్పుడో చేసి పారేశాం. అమలు మాది కాదు," అన్నాడు. కోర్టులో, "కేసు మీ అబ్బాయే వెయ్యాలి," అన్నారు. వేస్తే వాడి ఉద్యోగం ఉంటుందా? అధికారాల విభజన అంటే ఏమిటో ఆవిడ మోకాళ్ళకు బాగా తెలిసొచ్చింది.

ఇక మిగిలింది ఒంటరి నిరసన. ఒక్కరే నిలబడితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్కన ఇంకొకరు చేరితే అది సభ. సభకు రెండు రోజుల ముందే పోలీసులకు చెప్పుకోవాలి.

అందుకని ప్యో ఆవిడకు కాస్త దూరంలో కానిస్టేబుల్ తాక్‌ని కాపలా పెట్టాడు. రెండో మనిషిని చేరనివ్వకపోవడమే అతని డ్యూటీ.

ఎదురు కొట్టావిడ కాల్చిన చిలగడదుంపలు పట్టుకొచ్చింది.

"ఆగండి పిన్నిగారూ! అక్కడ పెట్టేసి వెనక్కెళ్ళండి. ఇద్దరూ కలిసి తిన్నారంటే సభైపోతుంది."

"దుంప తింటే సభేమిటయ్యా, నీ చట్టం తగలెయ్య!" అని తిట్టుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

అంతలో మంచు మొదలైంది. తాక్ గొడుగు విప్పాడు. పైన కిటికీ ధడాలున తెరుచుకుంది.

"తాక్! బుద్ధుందా? ఒకే గొడుగు కింద ఇద్దరుంటే నువ్వూ నిరసనలో చేరినట్టే!"

"నేను గొడుగు బయటే ఉన్నాను సార్!"

నిజమే. చెయ్యి బారచాచి గొడుగు ఆవిడకు పట్టి, తను మంచులో తడుస్తున్నాడు. చట్టం తెలిసిన కుర్రాడని ప్యో మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఆయనే కిందికి దిగి, సభ కాకుండా నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"పెద్దమ్మగారూ, మీ అబ్బాయిది ఏ ఆఫీసు?"

"చెప్పను బాబూ. చెప్తే వాడి పైఅధికారి వాణ్ణి బతకనిస్తాడా?"

"అంత దుర్మార్గుడా?"

"దుర్మార్గుడేం కాదు. ఇచ్చిన కాగితం చదవడు, అంతే."

"ఛీ! ఇలాంటివాళ్ళ వల్లే ప్రభుత్వానికి చెడ్డపేరు," అని ప్యో మనస్ఫూర్తిగా బాధపడ్డాడు. "ఇంకో శాఖలో నేను వేలు పెట్టకూడదు. కానీ మీ హక్కు కోసం మాత్రం నా ప్రాణం అడ్డేస్తాను. ఎన్నాళ్ళు నిలబడతారో నిలబడండి, కాపలా నాది."

"నీ దయ బాబూ," అంది ఆవిడ నీరసంగా. చలికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి.

ప్యో పైకెళ్ళి, సిబ్బంది పెట్టుకున్న అర్జీల కట్ట ముందేసుకున్నాడు. కొట్టేసేదానికి చదవడమెందుకు? ఎర్రముద్ర టపటపా గుద్దుకుంటూ పోయి, అయిదు నిమిషాల్లో కట్ట ఖాళీ చేశాడు.

ఆరు గంటలకు తాక్ తన కాగితం తీసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆవిడ దగ్గరికెళ్ళాడు.

"ఈసారీ కొట్టేశాడు, నాన్నకి నువ్వే ఎలాగో నచ్చజెప్పమ్మా," అన్నాడు, ఆవిడ చేతిలోంచి అట్ట అందుకుంటూ.