దుంగ బేరం

"ఆగరా క్లెమ్! దాన్ని కొయ్యకు!"

ట్రాక్టర్ మోతను మించి అరుస్తూ పక్క పొలం పెర్సీ కంచె దాటి వచ్చాడు. రబ్బరు బూట్లకు మోకాళ్ళ దాకా పేడ. మాసిన గడ్డం మీద పొగాకు ఉమ్మి చారలు కట్టి ఉంది. చూడలేక నోలా ముఖం తిప్పుకుంది.

ఆమె రంపపు బల్లకు అవతలి కొసన నిలబడి ఉంది. ఇవతలి నుంచి తండ్రి క్లెమ్ దుంగను నెడితే, కోసుకుని వచ్చిన పలకను అటునుంచి లాగడం ఆమె పని. పాత లారీ ఇరుసుకు మనిషి నడుమంత ఎత్తున్న రంపపు చక్రం బిగించి, ట్రాక్టర్ నుంచి బెల్టు వేసి, క్లెమ్ సొంతంగా చేసుకున్న యంత్రం అది. తుఫాను వాళ్ళ పాలకొట్టం కప్పు ఎగరేసుకుపోయి మూడు వారాలైంది. ఆవుల్ని వానలోనే పిండుతున్నారు. కెయిర్న్స్ పట్నం దాకా వెళ్ళినా ఒక్క పలక దొరకడం లేదు. అదే తుఫానుకు కూలిన ఎర్ర సీడర్ చెట్టు ఇప్పుడు దుంగై, బల్ల మీద పడుకుని ఉంది.

క్లెమ్ ట్రాక్టర్ జోరు తగ్గించాడు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

"మళ్ళీ ఏమొచ్చింది నీకు?"

"ఆ దుంగ నాకిచ్చెయ్."

"చెట్టు పడింది నా వైపు."

"వేళ్ళు నా వైపు కదరా!"

"అయితే ఆ వేళ్ళు తవ్వుకుని వండుకు తిను. పో."

పెర్సీ పోలేదు. ముక్కు చీది, ఆ చెయ్యి చొక్కాకే తుడుచుకున్నాడు.

"ఊరికే వద్దులే. నా షెడ్డులో గట్టి కలప ఉంది. మీ కప్పుకి సరిపడా ఇస్తా. ఇవాళే నేనే తెచ్చి దించుతా."

"కప్పు లేచిపోయిన రోజు పాత టార్పాలిన్ అడిగితే లేదన్నావు."

"ఈనబోయే జెర్సీ ఆవుంది. అదీ తోలుకుపో."

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, ఒక్క దుంగ మీద ఆశతో ఆవును కూడా ఇస్తానంటున్నాడు! అంతటితో ఆగలేదు. రంపపు పొట్టులో మోకాళ్ళ మీద కూలబడి, క్లెమ్ ప్యాంటు పట్టుకున్నాడు. అరవై ఏళ్ళవాడు, ముక్కు కారుతుంటే, చంటిపిల్లాడిలా.

"లేవండి, ఛీ! సిగ్గులేదూ?" అంది నోలా.

క్లెమ్ మాత్రం తొణకలేదు.

"దీని మీద నీకెందుకంత ప్రేమ? ఆ కారణమేదో చెప్పు. ఇప్పుడే ఇచ్చేస్తా."

పెర్సీ నోరు తెరిచాడు. నోలా వైపు చూశాడు.

"ఊరికే... మంచి కలప కదా అని."

"అయితే కోస్తున్నా."

క్లెమ్ జోరు పెంచాడు. బెల్టు చప్పట్లు కొట్టింది. చక్రం పళ్ళు కలిసిపోయి మెరుపు గీతలా అయ్యాయి. అతను దుంగకు భుజం ఆనించి నెట్టాడు.

పెర్సీ లేచి, బల్ల చుట్టూ తిరిగి నోలా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆమె రెక్క పట్టి లాగాడు.

"నువ్వు తప్పుకో తల్లీ! ఇక్కడ నేను నిలబడతా."

పొగాకు కంపు, పేడ కంపు, చెమట కంపు ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి.

"చెయ్యి తియ్! పలకలు ఎత్తుకుపోదామనా?"

అతను తప్పుకోలేదు. చేతులు బారజాపి రంపానికీ ఆమెకూ మధ్య అడ్డం నిలబడ్డాడు. దుంగ పళ్ళకు బెత్తెడు దూరంలోకి వచ్చింది.

"మేకులు కొట్టానురా అందులో!"

క్లెమ్ ట్రాక్టర్ ఆపేశాడు. చక్రం బుసలు కొడుతూ నెమ్మదించి, నిలిచిపోయింది.

"పన్నెండు మేకులు," అన్నాడు పెర్సీ నేల చూస్తూ. "జానెడువి. ఆదివారం మీరు చర్చికెళ్ళినప్పుడు లోపలికంటా దిగ్గొట్టి పైన మట్టి పూశాను. నీ రంపం పాడుచేద్దామనుకున్నా, అంతే. ఇందాక కంచె అవతల్నుంచి చూస్తే పిల్ల ఇక్కడ నిలబడి ఉంది. మేకు తగిలిందంటే పళ్ళు విరిగి తుపాకీ గుళ్ళలా ఇటే లేస్తాయి."

అతను పట్టుకున్న రెక్కను నోలా పదే పదే తుడుచుకుంది.

ఉన్నట్టుండి క్లెమ్ పకపకా నవ్వాడు.

"ఆ ఒక్క ముక్క కక్కడానికి ఇంతసేపా!"

ట్రాక్టర్ సీటు కింద నుంచి ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. వంకరపోయిన మేకులు గలగలమంటూ దొర్లాయి.

"నిన్ననే అయస్కాంతం పెట్టి వెతికి అన్నీ పీకేశాను. నీ పనేనని తెలుసు. రంపం మోత వింటే పరుగెత్తుకొస్తావనీ తెలుసు. నీ నోటితోనే చెప్పించాలనుకున్నా. చెప్పించాను!"

పెర్సీ మేకుల వంకా దుంగ వంకా చూశాడు.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది నోలా.

"నీకు చెబితే నీ ముఖమే చెప్పేసేది. నాటకం పండేది కాదు."

ఆనందం పట్టలేక క్లెమ్ తొడ చరుచుకున్నాడు. ఒకడు మేకులు కొట్టాడు. ఇంకొకడు వాటిని పీకి, కూతుర్ని నిలబెట్టి నాటకమాడాడు. ఎవడు ఎక్కువ రోతో తేల్చుకోలేక, ఇద్దరి వంకా చూడబుద్ధి కాక, నోలా తల వంచుకుని మేకుల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయసాగింది.

వేస్తూ వేస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది. డబ్బా మళ్ళీ బోర్లించి, మొదటి నుంచి లెక్కపెట్టింది.

పదకొండే ఉన్నాయి.